తిరువళ్ళూరి లాన్సరు

చెన్నపట్టణమునుండి వాయవ్యదిశగా బయలుదేరి, పాడి, అంబత్తూరు, ఆవడి, తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా నగరి, పుత్తూరు దాటి రేణిగుంటకును అచ్చటినుండి తిరుపతికిని పోవు రహదారి తెలుగువారికి ప్రధానముగా యాత్రామార్గమనియే తెలియును. తిరువళ్ళూరిలో వీరరాఘవస్వామిని, తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామిని సేవించి, కడపట వేంకటాచలపతి సన్నిధిని ప్రయాణమును ముగించు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. అయితే ఈ మార్గమునకే మరియొక చరిత్ర కలదు. అది ఇనుముతోను, చమురుతోను, కొలిమిసెగతోను, లేతుమరల రొదతోను వ్రాయబడిన చరిత్ర. దేవాలయములకు స్థలపురాణములు వ్రాసినవారు పెక్కురు గలరు గాని, ఈ దారి ప్రక్కనే పుట్టి, ఈ దారి మీదనే పరుగెత్తి, నేడు ఈ దారి ప్రక్కనున్న షెడ్లలోనే వార్ధక్యము గడుపుచున్న ఒక కారు కథను వ్రాసినవారు మిక్కిలి అరుదు. ఆ కారు తిరువళ్ళూరు చెంత తయారైన మిత్సుబిషి లాన్సరు. దాని అనుజ సీడియా. వేగమును కోరువారు వాంఛించిన ఈ రెండు సెడానుల పుట్టుక, ప్రసిద్ధి, పిమ్మట వచ్చిన వ్యాధులు, ఆ వ్యాధుల చికిత్సకగు వ్యయము ఈ వ్యాసమునకు విషయములు.

ముందుగా ప్రదేశమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. తిరుత్తణి ప్రాంతము 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరి, 1953లో ఆంధ్రరాష్ట్రముతో కూడ వచ్చి, సరిహద్దు వివాదము పరిష్కృతమైన పిదప 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమున కలిసినది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని బాల్యముతో ముడిపడిన ఈ ఊరిలోను, పళ్ళిపట్టు మొదలగు పరిసరములలోను నేటికిని ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము పలుకువారు వేలకొలది గలరు. ఇక తిరువళ్ళూరు యంత్రయుగమును మనదేశమున మిక్కిలి ముందుగా చూచిన ఊళ్ళలో నొకటి: 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డుకు దక్షిణదేశమున మొట్టమొదటి ప్రయాణికుల రైలుబండి నడచినప్పుడు అది తిరువళ్ళూరి మీదుగనే పోయినది. ఇట్లు ఒక చేత భాషాద్వయమును, మరియొక చేత యంత్రపరిచయమును పట్టుకొని పెరిగిన ప్రాంతమిది. ఇచ్చటి మెకానికులు నగరినుండి వచ్చిన బండివానితో తెలుగునను, ఆవడినుండి వచ్చినవానితో తమిళమునను మాటలాడి, రెండు రాష్ట్రముల వాహనములను ఒకే షెడ్డులో చక్కజేయగలుగుట ఈ చరిత్ర ఫలమే.

మోటారువాహనముల విషయమున మదరాసు ఆదినుండియు అగ్రగణ్యము. సింప్సను కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనునతడు 1903లోనే ఆవిరితో నడచు కారును నిర్మించెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, అనగా 1948లో, రఘునందన్ సరన్ నెలకొల్పిన అశోక్ మోటార్స్ సంస్థ ఎన్నూరు తీరమున ఆస్టిను ఏ40 కార్లను కూర్చుటకు పూనుకొనెను. ఆ సంస్థయే 1955లో అశోక్ లేలాండై లారీల నిర్మాణమునకు మరలినది. 1960ల ప్రారంభమున పాడిలో టీవీయస్ కూటమికి చెందిన చక్రముల, బ్రేకుల, విద్యుత్పరికరముల కర్మాగారములు వెలసినవి. 1961లో ఆవడిలో భారీవాహనముల కర్మాగారము స్థాపితమై, 1965లో విజయంత యుద్ధశకటమును బయటకు తెచ్చినది. 1964లో అంబత్తూరు పారిశ్రామికవాటిక ఆరంభమైనది. ఈ వరుసను గమనించినచో, తిరువళ్ళూరి దారి పొడవునను మరలు త్రిప్పుట, బేరింగు ఎక్కించుట, సిలిండరు తొలిచి సరిచేయుట ఎరిగిన పనివారి సంతతి ఒకటి అప్పటికే తయారై యుండెనని స్పష్టమగును. కర్మాగారమున ఎనిమిది గంటలు పనిచేసి, సాయంకాలము ఇంటిముంగిట నొక చిన్న షెడ్డు తెరచినవారు, కర్మాగారమున అప్రెంటిసుగా నేర్చి తరువాత స్వతంత్రించినవారు: వీరిరువురే ఈ ప్రాంతపు మరమ్మతువృత్తికి మూలపురుషులు.

విద్యతోపాటు వేగమునందలి అభిరుచి కూడ ఈ జిల్లాయందే పెరిగినది. రెడ్‌హిల్సు దాటిన పిదప నున్న చోళవరములో రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములకై వేసిన బాట యుద్ధానంతరము నిరుపయోగమై యుండగా, 1953లో ఏర్పడిన మదరాసు మోటారు క్రీడాసంఘము అచ్చట పందెములను జరిపింప నారంభించెను. దేశము నలుమూలలనుండి వచ్చినవారు తమ ఫియెట్లను, హెరాల్డులను, అంబాసిడర్లను మార్చి, తగ్గించి, బిగించి తెచ్చి ఆ బాటపై పరుగెత్తించిరి. కోయంబత్తూరి తెలుగు పారిశ్రామిక కుటుంబమున జన్మించిన కరివర్ధన్ వంటివారు స్వయముగా పందెపుబండ్లను రూపొందించి, 1980ల చివర ఫార్ములా మారుతి అను తరగతిని కల్పించి, సామాన్యయువకులకు ఆ క్రీడను అందుబాటులోనికి తెచ్చిరి. 1990లో శ్రీపెరుంబుదూరు చేరువనున్న ఇరుంగాట్టుకోటలో శాశ్వతమైన పందెపుమార్గము వెలసిన పిదప చోళవరము నిశ్శబ్దమైనది గాని, అది నాటిన రుచి నశింపలేదు. సాధారణముగా కుటుంబమును మోయవలసిన నాలుగు తలుపుల కారునే వేగముగా పరుగెత్తు బండిగా మలచుకొనవలెననెడి కోరిక చెన్నపట్టణ పరిసరములలో ఇంత గాఢముగా నాటుకొనుటకు హేతువు ఆ విమానపుబాట యనియే నా నిశ్చయము.

కాని కోరిక ఒకటి, దానిని తీర్చు బండి వేరొకటి. 1980ల వరకు మన దేశమున సెడానులనగా రెండు మూడు పాతరకములే. మదరాసు శివారున నున్న స్టాండర్డు మోటారు ప్రోడక్ట్సు సంస్థ 1985లో బ్రిటిషు రోవరుబండి ఆకృతితో స్టాండర్డు 2000 అను ఖరీదైన కారును విడుదల చేసినప్పుడు వేగప్రియులందరు ఆశపడిరి. చూపునకు అది విదేశపు రాజహంసవలె నున్నను, లోపల నమర్చినది దశాబ్దముల నాటి పాత ఇంజనే యగుటచే దేహమునకును ప్రాణమునకును పొత్తు కుదరలేదు. పెట్రోలు ఎక్కువగా త్రాగెను, ధరయు భరింపరానిదయ్యెను. 1988 నాటికే దాని నిర్మాణము నిలిచిపోయినది. దానిని కొనినవారు తరువాత విడిభాగములకై పడిన కష్టము ఈ ప్రాంతపు మెకానికులకు మొదటి పాఠము. వేగము కొరకు కారును కొనుట తేలికయే. దాని సంస్థ మూతపడిన పిదప దానిని నిలుపుకొనుటయే పరీక్ష. ఇదే పాఠము తరువాత లాన్సరు విషయమున మరింత విస్తారముగా పునరావృత్తమైనది.

లాన్సరును తెచ్చినవారు హిందుస్థాన్ మోటార్సువారు. 1942లో బిర్లాలు గుజరాతులోని ఓఖా రేవున స్థాపించి, అనంతరము వంగదేశమున ఉత్తరపాడకు మార్చిన ఈ సంస్థయే అంబాసిడరుకు జన్మస్థానము. 1984 నుండి కాంటెస్సాకును అదియే. కాంటెస్సాలో తొలుత అంబాసిడరు జాతి చిన్న ఇంజనే యుండగా, పిదప జపానుదేశపు ఇసుజు ఇంజను నమర్చినప్పుడు గాని ఆ పెద్ద దేహమునకు తగిన బలము చేకూరలేదు. తిరువళ్ళూరు చెంత, కడంబత్తూరు దాపున, ఆ సంస్థకు మట్టి త్రవ్వు భారీయంత్రములను నిర్మించు కర్మాగారమొకటి యుండెడిది. ఈ శతాబ్దారంభమున ఆ విభాగము క్యాటర్‌పిల్లరు సంస్థ వశమైనది. 1993లో కార్ల పరిశ్రమపై లైసెన్సు నిర్బంధమును ప్రభుత్వము తొలగించిన పిదప విదేశసంస్థలు వరుసగా వచ్చుచుండగా, మిత్సుబిషితో చేతులు కలిపి హిందుస్థాన్ మోటార్సువారు తమ తిరువళ్ళూరి ఆవరణముననే కార్ల నిర్మాణశాలను నెలకొల్పిరి. 1998లో అచ్చటినుండి లాన్సరు వెలువడినది. ఆ యేడే ఇరుంగాట్టుకోటనుండి హ్యుండాయి శాంట్రో, మరుసటి యేడు మరైమలైనగరునుండి ఫోర్డు ఐకాను బయలుదేరుటతో మదరాసు చుట్టుప్రక్కల మండలమంతయు కార్ల పుట్టినిల్లయ్యెను.

లాన్సరు తొలుత రెండు ఇంజనులతో వచ్చినది: ఒకటి 1,468 సి.సి. పెట్రోలు ఇంజను, రెండవది 1,998 సి.సి. డీజిలు ఇంజను. పిమ్మట 1.8 లీటర్ల ఇంజనుతో ఆటోమేటిక్ గేర్ల రకమొకటి కూడ కొంతకాలము అమ్ముడైనది. సంఖ్యలను బట్టి చూచినచో దాని బలము నేటి చిన్నకారుకు సమానమేగాని, ఆనాడు దానిని నడపినవారికి తెలిసిన సుఖము సంఖ్యలలో నిమిడెడిది కాదు: స్టీరింగు త్రిప్పిన మేరకు తక్షణమే ఒదుగు ముందుచక్రములు, మలుపులలో నేలను విడువని వెనుకచక్రముల సస్పెన్షను, పైకి ఎక్కుకొలది ఉత్సాహించు ఇంజను, వేగమున నదరని దేహము. మరియు, ఆ కారు పేరునకు ప్రపంచమున నొక కీర్తి యుండెను. ఫిన్లాండు వీరుడు టోమీ మాకినెన్ 1996 నుండి 1999 వరకు వరుసగా నాలుగేండ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియనుపట్టమును గెలిచినది లాన్సరు ఎవల్యూషనుమీదనే. తిరువళ్ళూరిలో పుట్టిన బండికిని ఆ ఎవల్యూషనుకును బలమున ఎంతో అంతరమున్నను, వంశము ఒకటియే యను భావన యువకుల హృదయములను హరించినది.

2006లో వచ్చిన సీడియా ఆ భావనను మరింత దృఢపరచినది. 1,999 సి.సి. ఇంజను, 115 అశ్వబలము, వెనుక పెక్కు కడ్డీలతో కూర్చిన స్వతంత్ర సస్పెన్షను: ఆనాటి ధరలో ఇట్టి కూర్పు దొరకుట అరుదు. జాతీయ ర్యాలీలలో సీడియాలు ఏండ్లతరబడి పాల్గొని, మట్టిదారులలోను కంకరదారులలోను తమ సత్తువను నిరూపించినవి. కర్మాగారమునకు గంట ప్రయాణపు దూరములో పందెపుమార్గము, పందెపుమార్గమునకు అంతే దూరములో విడిభాగముల అంగడి, నడుమ నేర్పరులైన మెకానికులు: ఇంతటి అనుకూలత దేశమున మరియొక్క ప్రాంతమునకు లేదు. అందుచే లాన్సరును, సీడియాను బిగించి, స్ప్రింగులను పొట్టిచేసి, పొగగొట్టమును వెడల్పుచేసి, వేగమును పెంచుకొను ఆచారము ఇచ్చట మిక్కిలి ప్రబలినది. ఆ ఆచారమే తరువాత సెకండుహ్యాండు కొనుగోలుదారులకు గుదిబండయైన సంగతి క్రింద చెప్పబడును.

అయితే అమ్మకములు అభిమానమును అనుసరింపలేదు. సీడియా పెట్రోలుతో మాత్రమే దొరకుట, పట్టణపు రద్దీలో లీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకు మించి నడువకుండుట, సర్వీసు కేంద్రములు దూరదూరముగా నుండుట, జపానునుండి రావలసిన భాగముల ధర ఎక్కువగుట అను నాలుగు కారణములచేత సామాన్యకుటుంబీకులు మారుతి, హ్యుండాయి, హోండాలవైపు మొగ్గిరి. దశాబ్దము తిరుగునప్పటికి లాన్సరు, మరికొంత కాలమునకు సీడియా నిలిచిపోయినవి. 2013లో ఇసుజువారు తమ బండ్లను తిరువళ్ళూరి కర్మాగారముననే కూర్పించుకొనుటకు ఒడంబడిక చేసికొని, 2016లో సరిహద్దు కావలనున్న శ్రీసిటీలో స్వంత కర్మాగారము తెరచిరి. 2014లో ఉత్తరపాడలో అంబాసిడరు నిర్మాణము ఆగినది. తిరువళ్ళూరి ఆవరణము మాత్రము చావలేదు. నేడు ఫ్రెంచిసంస్థయగు సిట్రోయెన్ కార్లు అచ్చటనే తయారగుచున్నవి. కర్మాగారము జీవించియే యున్నను, అందు పుట్టిన పాతబండికి అచ్చటినుండి ఒక్క మేకు గూడ దొరకని స్థితి ఏర్పడినది. ఈ విచిత్రస్థితిలోనే లాన్సరు వార్ధక్యము ప్రారంభమైనది.

ఇక వ్యాధుల సంగతి. పాత లాన్సరును షెడ్డునకు తెచ్చినప్పుడు అనుభవజ్ఞుడైన మెకానికు మొదట అడుగు ప్రశ్న టైమింగు బెల్టును గూర్చినది. ఇంజనులోని కవాటములను పిస్టనుల గతికి అనుగుణముగా తెరచి మూయు ఈ రబ్బరుపట్టీ లక్ష కిలోమీటర్లు నిండకముందే మార్చదగినది. బండి నడువక నిలిచియున్నను కాలక్రమమున రబ్బరు ఎండి పగులును. డీజిలు లాన్సరులో అది తెగినచో కవాటములు పిస్టనులకు తగిలి వంగి, హెడ్డునంతయు విప్పవలసి వచ్చును. పట్టీ ఒక్కదానిని మార్చి ఊరకుండుట తెలివి గాదు. దానిని బిగించు టెన్షనరును, ప్రక్కనే యున్న నీటిపంపును కూడ అప్పుడే మార్చినచో కూలి ఒక్కసారితో పోవును. పదివేల రూపాయల లోపుననో, కొంచెము మించియో తీరు ఈ పనిని వాయిదా వేసి, తరువాత దానికి పదిరెట్లు చెల్లించినవారి కథలు ఈ దారి పొడవునను వినవచ్చును.

రెండవది ఉష్ణము. తిరుత్తణి, అరక్కోణము ప్రాంతములు తమిళనాట మిక్కిలి వేడిగల చోట్లలో చేరినవి. రోహిణీకార్తెలో కారు లోపల ఏసీ, వెలుపల ఎండ, ముందు రైల్వేగేటు దగ్గర నిలిచిన బండ్ల వరుస: ఈ మూడును కలిసినప్పుడు ముసలి రేడియేటరు తాళలేదు. రేడియేటరు పైభాగమునను క్రిందిభాగమునను ఉండు ప్లాస్టికు తొట్లు పగులుట, గొట్టములు ఉబ్బుట, విద్యుత్తుపంకా మోటారు నిలిచిపోవుట సాధారణములు. ఉష్ణసూచిక ఎఱ్ఱగీత చేరిన పిదప గూడ నడిపినచో హెడ్డు గ్యాస్కెట్టు కాలి, నీరు చమురుతో కలిసి, పాలరంగు నురుగు చమురుమూతక్రింద కనబడును. అప్పుడు హెడ్డును విప్పి, అంబత్తూరి లేతుపనివారివద్ద దాని ముఖమును చదునుచేయింపవలసి యుండును. ఇట్టి చోట ఈ ప్రాంతమునకు గల భాగ్యము కనబడును: క్రొత్త హెడ్డు దొరకదు గాని, పాతదానిని సరిచేయు చేతులు దొరకును.

మూడవది విద్యుత్తుకును గాలికిని సంబంధించినది. నిలిచియున్నప్పుడు ఇంజను ఎగసి పడుచుండుట, ఏసీ వేయగానే ఆగిపోవుట లాన్సరు యజమానులకెల్ల పరిచితమైన బాధ. త్రాటిలుబాడీలో మసిపేరుకొనుట, నిలిచియున్నప్పటి ఇంజను వేగమును నియంత్రించు చిన్న మోటారు అరుగుట ప్రధానకారణములు. మసిని కడిగించుటకు కొన్ని వందలే చాలును. ఆ తరమునకు చెందిన మిత్సుబిషి ఇంజను నియంత్రణపెట్టెలలో కెపాసిటర్లు ద్రవము కార్చి పలకను తినివేయుట ప్రపంచమంతట తెలిసిన లోపము. దీనికి తోడు 2015 డిసెంబరు వరదలు వచ్చినవి. చెన్నై, తిరువళ్ళూరు, కాంచీపురము జిల్లాలలో వేలకొలది కార్లు నీట మునిగి, బీమాసంస్థలద్వారా వేలమునకు వచ్చి, తుడిచి మెరిపింపబడి సంతకు చేరినవి. లోపలి తీగలలోను, కనెక్టర్లలోను చేరిన తుప్పు రెండు మూడేండ్ల పిదప బయటపడి, కారణము కనుగొనరాని వ్యాధిగా మారినది. సీటుక్రింద తివాచీని ఎత్తి మరచీలలను చూచుట ఈ ప్రాంతమున కొనువారికి నాటినుండి ఆచారమైనది.

నాలుగవది సస్పెన్షను, స్టీరింగు. ఏ ఒదుగుట వలన ఈ కార్లు ప్రేమపాత్రములైనవో, ఆ ఒదుగుటకు ఆధారమైన బుష్షులు, బాలుజాయింట్లు, లోయరు ఆర్ములు మన గుంతదారులపై త్వరగా అరుగును. సీడియా వెనుకచక్రములకు ఎక్కువ కడ్డీలుండుటచేత బుష్షులును ఎక్కువే. అన్నియు ఒకేసారి మార్పింపనిచో టైర్లు ఒకప్రక్కనే అరగుచుండును. స్టీరింగు ర్యాకులో శబ్దము, పవరు స్టీరింగు చమురు కారుట, ఇంజను మౌంటులు కుంగి కారంతయు వణకుట తరువాత వచ్చును. స్ప్రింగులను పొట్టిచేసి నడిపిన బండ్లలో ఇవన్నియు రెట్టింపు వేగమున వచ్చును. క్లచ్‌ప్లేటు సంగతి చెప్పనక్కరలేదు: పందెపుబాటలో ఒక్క దినము గడిపిన కారు క్లచ్చు, ఊరిలో రెండేండ్లు నడచిన దానికంటె ఎక్కువ అరుగును. అందుచే ర్యాలీల కీర్తితో వచ్చిన బండిని కొనుచున్నవాడు ఆ కీర్తికి చెల్లింపవలసిన అప్పును కూడ కొనుచున్నాడు.

ఈ మరమ్మతుల ఆర్థికశాస్త్రమును అర్థము చేసికొనవలెనన్న, కూలిని వేరుగను, సామానును వేరుగను లెక్కింపవలెను. తిరుత్తణిలో గాని తిరువళ్ళూరిలో గాని మెకానికు కూలి చెన్నైలోని పెద్ద సర్వీసు కేంద్రములతో పోల్చిన స్వల్పము. భారమంతయు సామానుదే. క్రొత్త అసలు సామాను దిగుమతి కావలసి యుండుటచేత వారములు, కొన్నిసార్లు నెలలు వేచియుండవలెను. దానికి ప్రత్యామ్నాయముగా చెన్నైలోని పుదుపేట ఉన్నది. ఎగ్మూరు సమీపమున నున్న ఆ వీథులలో విప్పిన కార్ల తలుపులు, ఇంజనులు, గేరుపెట్టెలు, అద్దములు, దీపములు కుప్పలుగా పడియుండును; ఎక్కడనో ప్రమాదమునకు గురియైన ఒక లాన్సరు అవయవములు మరి పది లాన్సరులకు ప్రాణము పోయుట అచ్చట నిత్యకృత్యము. మూడవ మార్గము ఇదే ఇంజనును, గేరుపెట్టెను వేరొక దేశమున వేరొక కారులో వాడియున్నారా యని విచారించి తెప్పించుకొనుట. అనుభవముగలవారు ఈ జ్ఞానమును ఒకరికొకరు నోటిమాటగా అందించుకొనుచుందురు. చిన్నపనులు వందలలోను, క్లచ్చు, సస్పెన్షను వంటివి పదివేలనుండి కొన్ని పదివేల వరకును తీరును. ఇంజనును పూర్తిగా విప్పి కట్టించుట, ఆటోమేటిక్ గేరుపెట్టెను బాగుచేయించుట మాత్రము లక్ష దాటుట అరుదు గాదు; పాత లాన్సరు అమ్మకపు ధరకంటె అది ఎక్కువ కావచ్చును. దిగుమతియై వచ్చిన ఎవల్యూషను పదవ తరపు బండిలో రెండు క్లచ్చుల గేరుపెట్టె చెడినచో ఖర్చు ఈ లెక్కలకే అందదు.

చట్టమువలని ఖర్చులను మరువరాదు. పదిహేనేండ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరించు రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. దానికి ముందు ఎఫ్.సి. (యోగ్యతాపత్రపు) పరీక్షలో బండి నెగ్గవలెను. సరిహద్దు ప్రాంతమగుటచే ఇచ్చట మరియొక చిక్కు గలదు. టి.ఎన్. 20 సంఖ్యగల తిరువళ్ళూరి కారును నగరివాడో, పుత్తూరివాడో కొనినచో నిరభ్యంతరపత్రమును తెచ్చుకొని, ఆంధ్రలో జీవితకాలపు పన్నును చెల్లించి, సంఖ్యను మార్చుకొనవలెను. బంధుత్వములు, వ్యాపారములు, భాష సరిహద్దునకు రెండు వైపుల ఒక్కటియే యైనను, కారు మాత్రము ఆ గీత దాటునప్పుడు పన్ను చెల్లించును. ఈ ఖర్చును లెక్కింపక చౌకయని కొని, మరమ్మతుకు దాచిన సొమ్మును పన్నునకు చెల్లించి, బండిని షెడ్డులో నిలిపివేసినవారు గలరు. 2023 నుండి ఇరువదిశాతము ఎథనాలు కలిసిన పెట్రోలు బంకులకు వచ్చుటతో, అట్టి ఇంధనమునకై నిర్మింపబడని 1998 నాటి రబ్బరుగొట్టములను, సీళ్ళను పరీక్షించి మార్చుట క్రొత్త బాధ్యతగా చేరినది.

ఇన్ని కష్టములున్నను ఈ కార్లు ఈ దారిలో నేటికిని కనబడుచున్నవి. ఆయుధపూజనాడు షెడ్లలో స్పానర్లు, జాకీలు, వెల్డింగు పరికరములు కడిగి కుంకుమపెట్టి వరుసగా నిలిపినప్పుడు, వాటి నడుమ బూడిదరంగు లాన్సరు ఒకటి మాలవేసి నిలిచియుండుట నేటికిని అరుదు గాదు. దానిని నిలిపినది కర్మాగారము కాదు, సంస్థ కాదు. కొలతపుస్తకము లేకయే శబ్దమునుబట్టి వ్యాధిని గ్రహింపగల చేతుల విద్య. ఎన్నూరు ఆస్టినునుండి చోళవరపు హెరాల్డు మీదుగా తిరువళ్ళూరి లాన్సరు వరకు డెబ్బదియైదేండ్లుగా తండ్రినుండి కొడుకునకు, మేస్త్రీనుండి కుఱ్ఱవానికి సంక్రమించిన ఈ విద్యకు గ్రంథము లేదు, పట్టము లేదు, రికార్డు లేదు. విద్యుత్తుబండ్లు వచ్చుచున్న ఈ రోజులలో ఆ కుఱ్ఱవారు వేరు పనులకు పోవుచున్నారు. ఇంకొక ఇరువదియేండ్లలో ఈ జ్ఞానము మాయమగుట నిశ్చయము.

కావున కొనదలచినవారికి నా విన్నపము ఇది. పశువును కొను రైతు దాని పళ్ళను, గిట్టలను, నడకను చూచి గాని ధర మాటలాడనట్లు, పాత లాన్సరును గాని సీడియాను గాని చూచువారు దాని సర్వీసు కాగితములను, టైమింగు బెల్టు మార్చిన తేదీని, వరదలో మునిగిన జాడను, చెల్లింపవలసిన పన్నును ముందుగా చూచి, కొన్నవెలలో సగమును మరుసటి యేటి మరమ్మతులకై దాచియుంచి గాని కొనరాదు. అట్టి సొమ్ము చేతలేనివారు ఈ కారును ప్రేమింపవచ్చును గాని కొనరాదు. తిరువళ్ళూరు, తిరుత్తణి, ఆవడి, అంబత్తూరు ఊళ్ళలోని పాలిటెక్నికులును, ఐటీఐలును మరొక కార్యమునకు పూనుకొనవలెను. వృద్ధమెకానికులవద్దకు విద్యార్థులను పంపి, వారు చెప్పు అనుభవములను, కొలతలను, ఉపాయములను తెలుగునను తమిళమునను వ్రాయించి అచ్చువేయింపవలెను. కర్మాగారముల చరిత్రను సంస్థలు వ్రాసికొనును; మరమ్మతుల చరిత్రను మనమే వ్రాయవలెను, అదియు ఆ చేతులు పనిచేయుచుండగానే వ్రాయవలెను.